పేరు రాయవద్దన్న ట్రాక్టరు తమ్ముడికి కృతజ్ఞతలు

పేరు రాయవద్దని కోరిన ఒక తమ్ముడికి అందరి ఎదుట కృతజ్ఞతలు చెప్పుకోవడానికి ఇది రాస్తున్నాను. అతను నడిపిన ట్రాక్టరు అతని యజమానిది. దానిని వరద నీళ్లలోకి దించిన సంగతి ఆ యజమానికి ఇంకా తెలియదట, అందుకే పేరు వద్దన్నాడు. ఒళ్లంతా నొప్పులుగా ఉంది, మూడు పూటలుగా బురద ఎత్తిన చేతులు వణుకుతున్నాయి. వాక్యాలు ఎక్కడైనా తడబడితే పెద్దమనసుతో చదవండి.

2022 అక్టోబరు రెండో వారంలో కురిసిన వానలకు నడిమివంక అనే వాగు పొంగి అనంతపురంలో వంక పక్క కాలనీలు మునిగిన సంగతి మీ అందరికీ తెలుసు. ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే మహాభాగ్యం అనుకునే మన ఊళ్లో మనుషులను పడవల్లో తరలించవలసి వచ్చింది. మేము మొదటి అంతస్తులో అద్దెకు ఉంటున్నాము. నీళ్లు మెట్ల సగం వరకు వచ్చి ఆగాయి కనుక ప్రాణభయం లేదు గాని, కిందికి దిగే దారి లేదు, కరెంటు లేదు. దసరా ఖర్చులతో చేతిలో డబ్బు అడుగంటింది. ప్రైవేటు బడిలో పంతులమ్మ జీతం పదో తేదీ దాటితే గాని పడదు, ఈసారి అదీ పడలేదు. ఇంట్లో మిగిలినవి కొద్దిగా బియ్యం, ఒక డబ్బా రాగిపిండి, ఎంత మిగిలిందో తెలియని గ్యాస్ సిలిండరు, నిండు ఊరగాయ జాడీ.

మా మామగారికి చక్కెర వ్యాధి, దానితో పాటు రక్తపోటు. ఇన్సులిన్ వేసుకున్న మనిషి వేళకు తినకపోతే చక్కెర పడిపోతుంది, ఆకలి తీరాలని తెల్లన్నం కడుపునిండా పెడితే అమాంతం పెరుగుతుంది. ముసురు రోజుల్లో ఏ ఇంటినైనా ఆదుకునేది ఊరగాయే గాని, రోజుకు ఉప్పు 5 గ్రాములు దాటవద్దని చెప్పించుకున్న మనిషికి పూటపూటా ఆవకాయ అన్నం ఎలా కలిపి పెట్టేది? మాకు మొదట అందిన పొట్లాల్లో పులిహోర, బన్ను, తీపి బిస్కెట్లు ఉన్నాయి. తెచ్చిన పిల్లలు నడుము లోతు నీళ్లలో నడిచి వచ్చారు, వారికి దండం పెడతాను. కాని ఆ పొట్లాలు విప్పి మామగారి ముందు పెట్టడానికి నాకు చేతులు రాలేదు.

మరునాడు పొద్దున్నే వీధిలో ట్రాక్టరు చప్పుడైంది. మనిషి ఎవరో తెలియదు, మా వీధివాడు కాదు. బాల్కనీలో నిలబడిన నన్ను చూసి, ఏమైనా కావాలా అని అడుగుతాడనుకున్నాను. అతను ఇంజను ఆపకుండానే, "ఏం గావాల్నో తర్వాత జెబుదువు గానీ, మీ ఇంట్లో ఎవురేం తినగూడదో ముందు జెప్పక్కా" అన్నాడు. నేను జవాబు చెప్పలేక నిలబడిపోయాను. ఆసుపత్రిలో కూడా ఇంత శ్రద్ధగా ఎవరూ అడిగిన గుర్తు లేదు. మా అత్తగారే ముందుకు వచ్చి, "షుగరు, బీపీ నాయనా" అంటే, "మాయమ్మకూ అవే అవ్వా, నాకు తెలుసులే" అని వెళ్లిపోయాడు.

మళ్లీ వస్తాడని నేను నమ్మలేదు. మధ్యాహ్నం లోపలే వచ్చాడు. పైనుంచి బొక్కెనకు తాడు కట్టి దింపితే, ఒక్కొక్క సరుకును రెండు పాలిథిన్ కవర్లలో చుట్టి అందులో పేర్చాడు. కిలో కొర్ర బియ్యం, అర కిలో ఉలవలు, అర కిలో అలసందలు, పావు కిలో చెనిక్కాయ (వేరుశనగ) పప్పులు, ఒక కట్ట గోంగూర, ఎక్కడో చెట్టు నుంచి విరిచి తెచ్చిన మునగాకు కొమ్మ. అన్నింటికన్నా పైన అగ్గిపెట్టె. దానిని మాత్రం మూడు కవర్లలో చుట్టి రబ్బరు బ్యాండు వేశాడు. బీడీల కట్ట కాగితం వెనుక రాసిన లెక్కలో మొత్తం 260 రూపాయలు. ఇళ్లు మునిగినప్పుడు రేట్లు ఎలా ఎగబాకుతాయో అందరికీ తెలుసు, అతను మాత్రం కొన్న ధరకు ఒక్క రూపాయి కలపలేదు. 500 నోటు దింపితే 240 తిరిగి వచ్చింది, దానితో పాటు ఒక చీనీకాయ (బత్తాయి) వచ్చింది. "అది పాపకు, లెక్కలో లేదక్కా" అన్నాడు. అంతవరకు కంట నీరు పెట్టనిదాన్ని, ఆ చీనీకాయ చేతిలో పట్టుకుని వంటింట్లో కూలబడి వెక్కివెక్కి ఏడ్చాను.

ఆ సరుకులతోనే రోజులు గడిచాయి. కొర్ర బియ్యాన్ని గంటసేపు నానబెట్టి, గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్లు పోసి, బాగా ఉడుకు పట్టి నీళ్లు ఇంకుతుండగా పొయ్యి ఆపి, గిన్నెను పాత బొంతలో చుట్టి పెడితే మిగతా ఉడుకు దానంతట అదే పూర్తయ్యేది, గ్యాస్ కలిసివచ్చేది. రాత్రి నానబెట్టిన ఉలవలను ఉడికించి, కట్టును చింతపండుతో చారు కాచి, ఉలవలను ఉల్లిపాయతో గుగ్గిళ్లు చేసేదాన్ని. వంద గ్రాముల ఉలవల్లో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి కనుక, గుడ్లు, పాలు దొరకలేదన్న దిగులు పెద్దగా కలగలేదు. రాత్రికి చిన్న రాగి ముద్ద, మునగాకు పప్పు. గోంగూర పులుపు ఉండగా ఉప్పు తగ్గిన సంగతి మామగారు గమనించనే లేదు, లేదా గమనించీ ఊరుకున్నారు.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేకపోతున్నాను. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది, కొర్రలు తినండి, రాగులు తినండి అని మనకు చెప్పని వేదిక లేదు. కొర్రలు పండించిన ఈ జిల్లాలో వరద పొట్లంలో గుప్పెడు ఉలవ గుగ్గిళ్లు పెట్టడం ఎవరికీ తోచదా? ఇంకో సంగతి. సాయం కోసం జాబితా రాసుకోవడానికి వచ్చినవారు మా ఇంట్లోకి నీళ్లు రాలేదు కనుక మేము బాధితుల లెక్కలోకి రామన్నారు. గుమ్మం దాటలేక, మందులు తెచ్చుకోలేక, జీతం రాక కూర్చున్నవారిని ఏ లెక్కలో వేస్తారో అడిగితే, పై అధికారులను అడగమన్నారు. వంకను రెండు వైపులా కట్టడాలతో ఇరుకు చేసుకుంటూ పోతుంటే ఊరుకున్నవారే ఇప్పుడు ఏ గడప తడిసింది, ఏ గడప తడవలేదు అని కొలుస్తున్నారు. సరే, ఇది కృతజ్ఞతల ఉత్తరం, ఆ సంగతి మరోచోట రాస్తాను.

మా వారు బళ్లారి నుంచి దారి తెరవగానే వచ్చి నాతో పాటు బురద ఎత్తారు, మా అన్న డబ్బు పంపాడు, అత్తగారి సంగతి చెప్పనే అక్కరలేదు.

ఇంతవరకు రాశాక మరికొందరు గుర్తుకొచ్చారు, మన్నించాలి. ఫ్రిజ్ ఆగిపోయి ఇన్సులిన్ పాడవుతుందని నేను కంగారు పడుతుంటే, వాడకంలో ఉన్న సీసా గది వేడిమిలో సుమారు నాలుగు వారాలు ఉంటుందని, ఎండ తగలకుండా తడిగుడ్డ చుట్టిన మట్టి కుండలో పెట్టమని ఫోనులో ధైర్యం చెప్పిన మందుల షాపు అమ్మాయికి కృతజ్ఞతలు. తమ గది మునిగి పైకి వచ్చి, మా కోసం మిద్దె మీది వాన నీళ్లు పట్టి తెచ్చిన కింది వాటా కాలేజీ పిల్లలకు, ఆ నీళ్లు కాచడానికి తమ సిలిండరు ఇచ్చిన పక్కింటి వదినకు, తడిసిన స్తంభం ఎక్కి కరెంటు ఇచ్చిన లైన్‌మన్ అన్నకు కూడా. ఈ నెల అద్దె జీతం పడ్డాక ఇస్తానంటే సరేనన్న ఇంటి ఓనరు గారికి కూడా, ఆ మాట ఆయన మరచిపోకముందే ఇక్కడ రాసి పెడుతున్నాను.