జూన్ 12న బడి మొక్కలు లెక్కపెట్టండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లెటూరు. మా అబ్బాయి ఊరి హైస్కూల్లో ఎనిమిదో తరగతి చదువుతున్నాడు, నేను ఆ బడి పేరెంట్స్ కమిటీలో మెంబర్ని. మొన్న మీ పేపర్ జిల్లా పేజీలో వరసగా నాలుగు ఫోటోలు వచ్చాయండి, నాలుగు బళ్ళలో మొక్కలు నాటుతున్నారు, ఒక్కో మొక్కకి పది మంది పెద్దవాళ్ళు చెయ్యి వేసి నిలబడ్డారు, పిల్లలేమో వెనకాల లైన్లో ఎండలో ఉన్నారు. నాటినవాళ్ళని తప్పు పట్టాలని కాదు గానీ ఆ ఫోటోలు చూశాక మా బడి సంగతి మీకు రాయాలనిపించింది.

రెండేళ్ళ కిందట జూలైలో మా బడిలో కూడా ఇలాగే 60 మొక్కలు నాటారు. ఆ రోజు నేనూ ఉన్నా, చప్పట్లు కొట్టా, ఫోటో దిగా. మరుసటి ఏడు జూన్ 12న బడి తెరిచిన రోజు అబ్బాయిని దింపుదామని వెళ్ళి చూస్తే నాలుగంటే నాలుగే మొక్కలు బతికున్నాయి. అందులో మూడు వంటషెడ్డు వెనకాల, అంటే పిల్లలు ప్లేట్లు కడిగిన నీళ్ళు పారే కాలవ పక్కన. వాటిని ఎవరూ కాపాడలేదు, ఆ నీళ్ళే కాపాడాయి. మిగతా 56 గుంతల్లో ఎండిపోయిన పుల్లలు ఉన్నాయి, కొన్నింటికి పేరు రాసిన అట్టముక్క ఇంకా వేలాడుతోంది. మా అబ్బాయి వాడి పేరున్న పుల్ల దగ్గరికెళ్ళి ఏం మాట్లాడకుండా చూసి క్లాసుకి వెళ్ళిపోయాడు. నాకు ఆ రోజంతా మనసు మనసులో లేదు.

కారణం పెద్ద రహస్యమేం కాదు. మనకి ఏప్రిల్ చివర్లో బళ్ళు మూసేస్తే మళ్ళీ మామూలుగా జూన్ 12కే తెరిచేది, మధ్యలో దాదాపు ఏడు వారాలు, అదీ మా అనంతపురం ఎండలు. నాటేటప్పుడు ఈ ఏడు వారాల గురించి ఒక్కరూ మాట్లాడరు. జూన్ 5 పర్యావరణ దినోత్సవం నాటికి బళ్ళే తెరవరు కాబట్టి ఆ రోజు చెయ్యాల్సిన సంబరం జూలైలో వనమహోత్సవంతో కలిపి చేసేస్తారు, ఒక ఫ్లెక్సీ కూడా కొట్టిస్తారు. 100 మైక్రాన్ల కన్నా పల్చటి పీవీసీ బ్యానర్లు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం, మరి పర్యావరణం పేరు చెప్పి ప్లాస్టిక్ గుడ్డ కట్టడం ఏంటో నాకైతే అర్థం కాదు. మా పిల్లలు పోయినేడు నా పాత చీర ఒకటి తీసుకెళ్ళి దాని మీద రంగులతో రాశారు, ఈ ఏడు కూడా అదే చీర కట్టారు.

సరే అసలు విషయానికొస్తా. పోయిన జూలైలో కమిటీ మీటింగ్‌లో మళ్ళీ 60 మొక్కలు వస్తాయి అన్నారు. నేను లేచి సార్, ఎన్ని నాటాలో పిల్లల్నే అడుగుదాం, నీళ్ళు పొయ్యాల్సింది వాళ్ళే కదా అన్నాను. హెచ్చెమ్ సార్ మంచాయన, ఒప్పుకున్నారు. సైన్స్ మేడం ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని కూర్చోబెట్టి అడిగితే వాళ్ళు చేసిన మొదటి పని ఏంటో తెలుసా, సెలవుల్లో ఊళ్ళోనే ఉండేది ఎవరు, అమ్మమ్మ ఊరికి పోయేది ఎవరు, అమ్మానాన్నలతో బెంగళూరు పనికి పోయేది ఎవరు అని లిస్టు రాసుకున్నారు. ఇంత పెద్దవాళ్ళం మనకెవరికీ తట్టలేదు చూడండి. లెక్క వేసి 22 మొక్కలే నాటుతాం, మొక్కకి ఇద్దరు అన్నారు. 22 అంటే ఫోటోకి తక్కువేమో అని ఒకాయన అన్నారు కూడా.

ఏ మొక్క అనేది కూడా వాళ్ళే తేల్చారు. నర్సరీ నుంచి ఏదొస్తే అది కాకుండా కానుగ, వేప, నేరేడు, ఉసిరి, సీతాఫలం అడిగి తెచ్చుకున్నారు. ఒక పిల్లోడి తాత చెప్పాడంట, పాత కుండకి అడుగున చిన్న చిల్లు పెట్టి, అందులో గుడ్డ వత్తి దోపి, మొక్క పక్కన మెడ దాకా పాతిపెట్టి నీళ్ళు పోస్తే నెమ్మదిగా వేరుకే దిగుతాయని. మా ఇళ్ళల్లో పగుళ్ళిచ్చిన కుండలకి కొదవ లేదు. పాదుల్లో వేరుశనగ పొట్టు మందంగా పరిచారు, అది ఈ జిల్లాలో ఎక్కడైనా దొరికేదే, తేమ ఆరిపోకుండా ఉంటుంది, కాకపోతే చెదలు పడతాయి కాబట్టి కాస్త వేప పిండి కూడా కలపాలి. ఈ చివరి మాట పుస్తకంలో లేదు, ఒక పాప వాళ్ళ నాన్న రైతు, ఆయన చెప్పి పంపించింది.

ఈ ఏడు జూన్ 12న లెక్కపెడితే 22లో 17 బతికున్నాయి. పోయిన అయిదింటి సంగతి కూడా పిల్లలు దాచకుండా నోట్‌బుక్‌లో రాసి పెట్టారు: రెండు మేకలు కొరికాయి, ఒకటి క్రికెట్ ఆడేటప్పుడు విరిగింది, రెండింటి పిల్లలు అనుకోకుండా బెంగళూరు పోవాల్సొచ్చింది, వంతు ఎవరికీ అప్పజెప్పలేదు. ఆ నోట్‌బుక్ చదివితే నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయండి. ఈసారి మొక్కకి ముగ్గురు ఉండాలని, మేకలకి రేగు కంప కట్టాలని వాళ్ళే కింద రాసుకున్నారు.

ఇంకో విషయం, ఆకులు కాల్చడం. మా బళ్ళో పెద్ద వేపచెట్లు నాలుగున్నాయి, ఫిబ్రవరి మార్చిలో ఆకు రాలుతుంది, ఊడ్చి గోడ వారన పోగేసి నిప్పు పెట్టేవాళ్ళు, చిక్కీ కవర్లూ వాటితో పాటే కాలిపోయేవి. మా వాడికి చిన్నప్పట్నుంచి ఆయాసం ఉంది, ఆ పొగ పీల్చి వచ్చిన రాత్రి వాడు పడుకోలేడు, నేను పడుకోలేను. ఊడ్చే ఆయమ్మని అడిగితే మరి ఎక్కడ వెయ్యాలమ్మా అంది, ఆమె మాట నిజమే, వేసే చోటు ఎవరూ చూపించలేదు. చెత్త బహిరంగంగా కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 జరిమానా అని 2016 డిసెంబర్లోనే పర్యావరణం కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. కానీ ఆయమ్మ మీద జరిమానా వేసి ఏం లాభం, గుంత కావాలి గానీ.

అందుకని రెండు సిమెంట్ రింగులు తెచ్చి కంపోస్టు మొదలుపెట్టారు. మొదటిసారి మొత్తం చెడిపోయింది. మిగిలిన అన్నం, సాంబారు అంతా కుమ్మరించేశారు, వారానికి కంపు, పురుగులు, టీచర్లు కిటికీలు మూసుకున్నారు, ఆపెయ్యండి అని కూడా అన్నారు. సైన్స్ మేడం మాత్రం వదల్లేదు, పిల్లల చేతే పైకి తీయించి మళ్ళీ వేయించారు, ఒక బుట్ట తడి చెత్తకి రెండు బుట్టలు ఎండాకు, పైన పేడనీళ్ళు, వారానికోసారి కలియబెట్టడం. రెండు నెలలు తిరక్కుండా నల్లగా, వాన పడ్డ మట్టి వాసనతో ఎరువు తయారైంది. మధ్యాహ్న భోజనంలో పిల్లలకి వారానికి 5 గుడ్లు ఇస్తారు కదా, మా బళ్ళో 240 మంది, అంటే వారానికి 1,200 గుడ్ల పెంకులు. అవి అలాగే వేస్తే ఏళ్ళు గడిచినా కనపడతాయి, నలిపి వెయ్యాలి, అది ఆరో తరగతి పిల్లలకి మహా ఇష్టమైన పని. చిక్కీ వారానికి మూడు రోజులు, ఆ కవర్లు 720. వాటికి మాత్రం ఇప్పటిదాకా దారి దొరకలేదు. గోనెసంచిలో జమ చేస్తున్నారు, సంచులు నిండుతున్నాయి, పంచాయతీ బండి తీసుకోదు. చిక్కీ విడిగా డబ్బాలో పంపితే బడి దగ్గర ముక్కలు లెక్కపెట్టి పంచుకోవచ్చు కదా అని ఏడో తరగతి పాప అడిగింది, దీనికి జవాబు అధికారులు చెప్పాలి.

మిగిలిపోయే అన్నం కూడా తూకం వేశారు, కాటా తెచ్చి రోజూ బోర్డు మీద రాశారు. కొన్ని వారాలు రాశాక ఏ రోజు ఎక్కువ పారేస్తున్నారో అందరికీ కనపడింది, వంట చేసే అక్కలు ముందు అర గరిటె పెడతాం, ఎన్నిసార్లయినా మళ్ళీ అడగండి అన్నారు, పారేసేది బాగా తగ్గింది. ఇందులో ఎవరూ ఎవరికీ క్లాసు పీకలేదు, బోర్డు మీద అంకె రాశారంతే.

నీళ్ళ సంగతీ అంతే. ఒక కుళాయి కారుతూనే ఉండేది, ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. తొమ్మిదో తరగతి పిల్లలు లీటరు సీసా పెట్టి వాచీ చూశారు, 12 నిమిషాలకి నిండింది, అంటే గంటకి 5 లీటర్లు, రోజుకి 120. మొక్కకి ఒక తడికి 5 లీటర్లు అనుకుంటే 24 మొక్కల నీళ్ళు రోజూ మోరీలో పోతున్నాయి, మనకున్నవి 22 అని ఆ పిల్లోడు ప్రేయర్‌లో చదివితే సాయంత్రానికి వాషర్ మారింది. బిల్డింగ్ కప్పు 200 చదరపు మీటర్లు కొలిచారు, దాని మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 2,000 లీటర్లు, మా జిల్లాకి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది కాబట్టి 1,10,000 లీటర్లు, అందులో కొంత పోయినా చాలానే దక్కుతుంది. ఇంకుడుగుంత కావాలని ఆ లెక్కతోనే పంచాయతీకి అర్జీ రాశారు, ఇంకా తవ్వలేదు, పిల్లలు మాత్రం సర్పంచ్ గారు కనపడితే అడుగుతూనే ఉన్నారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది వినాయక చవితి వారం. పూజకి 21 రకాల పత్రి కావాలి కదా, అందులో మన బడి గోడ లోపల ఎన్నున్నాయో వెతకండి అని తెలుగు సార్ ఒక శనివారం, నో బ్యాగ్ డే రోజు, పంపించారు. పిల్లలు అవ్వల్ని వెంటబెట్టుకుని వచ్చారు. గోడ పక్కన కలుపనుకుని రోజూ తొక్కేది ఉత్తరేణి అని, గేటు దగ్గరది జిల్లేడు అని, గరిక, ఉమ్మెత్త, గన్నేరు, తులసి, రేగు, రావి, మామిడి, మొత్తం తొమ్మిది దొరికాయి. జమ్మి లేదు, మారేడు లేదు, వావిలి లేదు. దసరాకి జమ్మి కోసం పక్క ఊరికి పోతాం కదత్తా, మన బళ్ళోనే పెడదాం అని ఒక పిల్ల నాతో అంది. ఈ జూలైలో వాళ్ళు అడిగి తెప్పించుకున్నవి అవే.

ఎకో క్లబ్బులు, అంటే బళ్ళలో పిల్లల పర్యావరణ సంఘాలు, మనకి కొత్త కాదు, నేషనల్ గ్రీన్ కోర్ పేరుతో 2001-02 నుంచే ఉన్నాయి, బళ్ళలో పర్యావరణం చెప్పాలని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది, అమ్మ పేరుతో ఒక మొక్క అని 2024 నుంచి ఇంకో కార్యక్రమం నడుస్తోంది. చాలా చోట్ల పిల్లలకి దక్కేది ఏంటంటే ర్యాలీలో అట్టముక్క పట్టుకోవడం, వ్యాసరచన, ప్రతిజ్ఞ. ఎన్ని నాటాలి, ఎక్కడ నాటాలి, డబ్బు దేనికి పెట్టాలి అనేవి వాళ్ళని అడగరు, చచ్చిన మొక్కల లెక్క వాళ్ళ చేతికి ఇవ్వరు. 60 నాటి 4 బతికిన ఏడాదీ, 22 నాటి 17 బతికిన ఏడాదీ బడి అదే, నేల అదే, ఎండలు అవే, టీచర్లు కూడా వాళ్ళే. నిర్ణయం చేసినవాళ్ళు మారారు, అంతే.

ఎడిటర్ గారూ, మీకొక విన్నపం. జూలైలో నాటే ఫోటోలు మీరు వెయ్యొద్దని అనను. అవి వేసిన బళ్ళ పేర్లు రాసి పెట్టుకోండి. వచ్చే జూన్ 12న మీ విలేకరులని అవే బళ్ళకి పంపించి, నాటినవి ఎన్ని, ఉన్నవి ఎన్ని అని పిల్లల్ని అడిగి, ఆ రెండు అంకెలు అదే జిల్లా పేజీలో వెయ్యండి. మా బడి నుంచి ఈ ఏడు నాటినవి 26. నోట్‌బుక్ ఎనిమిదో తరగతి బీరువాలో ఉంటుంది, ఎవరొచ్చినా పిల్లలు చూపిస్తారు.

ఇట్లు,
ఒక తల్లి, పేరెంట్స్ కమిటీ మెంబర్,
అనంతపురం జిల్లా