పరాయి దేశంలో నా చేతికి ఆ నవల అందించిన వారికి కృతజ్ఞతలు

ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఫాంటసీ నవలామాలలో చివరి భాగం సరిగ్గా నేను విదేశీ ప్రయాణంలో ఉండగా విడుదలైంది. ‘ఇక్కడ ఎక్కడ దొరుకుతుంది?’ అని అడగగానే ఎందరో నా కోసం వెతికారు. అందరికీ పేరుపేరునా నమస్కారాలు.

ఈ-బుక్ కొనుక్కోమన్నవారూ ఉన్నారు. నా ఖాతా నమోదైన దేశంలో దాని అమ్మకం ఇంకా మొదలుకాలేదు. ప్రచురణ హక్కులు ప్రాంతాలవారీగా వేర్వేరు సంస్థల చేతుల్లో ఉంటాయి కాబట్టి ఇలా జరుగుతుంటుంది. పైగా ఈ కథను మొదటినుంచీ పటం మీద వేలు పెట్టుకుని, పాత్రల వెంట నడుస్తూ చదివాను. అచ్చు పుస్తకమే కావాలనిపించింది.

దారి చూపింది గ్రంథాలయంలో పనిచేసే ఒక అక్క. ఒకే నవలకు బ్రిటన్ ముద్రణలో ఒక ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే 13 అంకెల సంఖ్య), అమెరికా ముద్రణలో మరొకటి ఉంటాయట. గట్టి అట్ట ప్రతికీ మెత్తని అట్ట ప్రతికీ కూడా సంఖ్యలు వేరే. అవన్నీ వెతికి పంపి, ‘పేరు చెప్పి ఊరుకోవద్దు, ఒక సంఖ్యకు లేదంటే రెండోది చూపించు’ అన్నారు.

అచ్చంగా అలాగే జరిగింది. దుకాణంలో మొదటి సంఖ్యకు ఏమీ దొరకలేదు. రెండోది చూపించాను. అక్కడి ఆవిడకు నా భాష రాదు, నాకు ఆవిడ భాష రాదు. 13 అంకెలనూ పెన్సిల్‌తో కాగితం మీద రాసి, ఒక్కొక్కదాన్నీ వేలితో చూపిస్తూ నాతో సరిచూసుకుని, అప్పుడు గోదాముకు ఫోన్ చేశారు. పుస్తకం వచ్చేలోపే నేను ఆ ఊరు వదిలి వెళ్లాలి. అది తెలిసి, నా తరువాతి మజిలీలో ఉన్న తమ శాఖకే పంపించారు. ఒక్క పుస్తకం కొనే బాటసారి కోసం అంత శ్రమ ఎవరు పడతారు! ఆవిడకు ఎంత చెప్పినా తక్కువే.

అట్ట తెరవగానే పటం. ఇన్ని భాగాలుగా ఖాళీగా ఉన్న ఉత్తరపు అంచున ఈసారి ఒక నది, దాని ఒడ్డున ఊళ్లు! ఆ పేర్లు చదవడానికే చాలాసేపు పట్టింది. తర్వాత రైల్లో, విమానాశ్రయంలో, అర్ధరాత్రి హోటల్ గదిలో చదువుతూనే ఉన్నాను. చివరి యుద్ధం కొంచెం సాగదీసినట్టే ఉంది కానీ, దాని తరువాతి అధ్యాయం కోసం ఎంత దూరమైనా వెళ్లవచ్చు.

ముందే చదివేసి కూడా ముగింపు గురించి ఒక్క ముక్క పొక్కనివ్వని మిత్రులకు ప్రత్యేక ధన్యవాదాలు. నాకూ పూర్తయింది. చిన్న రాకుమారి ఆ కోట తలుపు ఎందుకు తెరిచిందో ఇక తేల్చుకుందాం, ఫోన్ చేయండి.