గుర్తుల వెనుక నిర్మాణం

సంపాదకులకు,

సాదా పాఠంలో నక్షత్రం, హ్యాష్ గుర్తులు పెట్టి రాసి, దాన్ని వెబ్ పేజీగా మార్చుకునే మార్క్‌డౌన్ పద్ధతిని చాలామంది ఒక గుర్తు తీసి దాని స్థానంలో ఒక హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీలను రాసే భాష) ట్యాగు పెట్టడంగానే భావిస్తున్నారు. మార్క్‌డౌన్‌ను రూపొందించిన జాన్ గ్రూబర్ 2004లో పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసి విడుదల చేసిన తొలి ప్రోగ్రాము దాదాపు అలాగే పనిచేసింది. అయితే ఆయన ఇచ్చిన వివరణలో సందిగ్ధాలు మిగిలిపోవడంతో, జాబితాలో మరో జాబితా వచ్చినప్పుడు ఎన్ని ఖాళీలు వదలాలన్న చిన్న విషయంలోనే ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కో ఫలితం ఇచ్చేది. మార్క్‌డౌన్ నియమాలను కచ్చితంగా నిర్వచిస్తూ 2014లో వెలువడిన కామన్‌మార్క్ నిర్దేశం ఈ చిక్కును చాలావరకు విప్పింది.

పాఠాన్ని ముందుగా శీర్షిక, పేరా, జాబితా, లంకె అనే భాగాలు ఒకదానిలో ఒకటి ఇమిడే వృక్షంగా విడగొట్టి, ఆ వృక్షం నుంచే పేజీని తయారుచేయడం మేలైన దారి అని నా అభిప్రాయం. జాన్ మెక్‌ఫార్లేన్ 2006లో మొదలుపెట్టిన పాన్‌డాక్ అనే పత్రాల మార్పిడి సాఫ్ట్‌వేర్ చేసేది ఇదే. అది ఆ వృక్షాన్ని జేసన్ (ఇతర ప్రోగ్రాములు సులువుగా చదవగల డేటా అమరిక) రూపంలోనూ ఇస్తుంది కాబట్టి, విషయసూచిక కూర్చాలన్నా, లంకెలన్నింటినీ ఏరి సరిచూడాలన్నా మూలపాఠాన్ని మళ్లీ తడుముకోనక్కర్లేదు. రచయిత, తేదీ వంటి వివరాలను పైభాగంలో యామల్ అనే సాదా పాఠపు అమరికలో రాసే అలవాటు కూడా మంచిదే (అక్కడ ఒక్క ఖాళీ తేడా వచ్చినా మొరాయిస్తుందని అనుభవం మీద చెబుతున్నాను).

ఇతరులు రాసిన పాఠాన్ని మార్చేటప్పుడు మాత్రం, మార్క్‌డౌన్ మధ్యలో నేరుగా రాసిన హెచ్‌టీఎంఎల్‌ను అనుమతిస్తుంది కనుక, ఫలితంలో హానికరమైన ట్యాగులుంటే వాటిని వడకట్టకుండా పేజీలో పెట్టకూడదు.

భవదీయుడు,
ఒక పాఠకుడు