డీవీడీ-వీసీఆర్ కాంబోను పాత సామానులో వేసే ముందు

సంపాదకులు గారికి నమస్కారాలు.

ఇళ్లలో మూలపడిన ఎలక్ట్రానిక్ వస్తువులను పాత ఇనుప సామాన్ల బండికి వేయకుండా, అనుమతి పొందిన సేకరణ కేంద్రాలకు అప్పగించాలని పత్రికలు తరచు చేస్తున్న సూచన మంచిదే. అయితే విశాఖపట్నంలో ఎన్నో ఇళ్ల అటకల మీద ఉన్న ఒక యంత్రం విషయంలో మాత్రం కొంత నిదానించాలని, ఎలక్ట్రానిక్స్ మరమ్మతుల విభాగంలో పనిచేసి ఉద్యోగ విరమణ చేసిన వాడిగా నా మనవి. డీవీడీ ప్లేయరును, వీడియో క్యాసెట్లను ఆడించే వీసీఆరును (దీన్నే డెక్కు అనేవాళ్లం) ఒకే పెట్టెలో అమర్చిన కాంబో గురించి నేను చెబుతున్నాను.

డీవీడీ 1996లో జపాన్ మార్కెట్లోకి వచ్చి, కొన్నేళ్లకు మన డాబాగార్డెన్స్ దుకాణాల దాకా చేరింది. అప్పటికే అలమార నిండా వీడియో క్యాసెట్లు ఉన్నవారు, పాత డెక్కును వదులుకోలేక, కొత్తదాన్ని కాదనలేక కొనుక్కున్న యంత్రమిది. ఇందులోని డీవీడీ భాగం పాడైతే బెంగ లేదు, విడి ప్లేయరు ఇప్పటికీ దొరుకుతుంది. వీసీఆరు సంగతి అలా కాదు. చివరి వరకు వాటిని తయారు చేస్తూ వచ్చిన జపాన్ సంస్థ ఫునాయ్, విడిభాగాలు సమకూర్చుకోవడం కష్టమైందని చెప్పి 2016 జులైలో ఉత్పత్తిని నిలిపివేసింది. మనం ఎందుకూ పనికిరాదనుకుంటున్న ఆ సగమే ఇప్పుడు డబ్బు పెట్టినా కొత్తది దొరకని సగం.

సినిమా క్యాసెట్లు పోతే పోనివ్వండి, ఆ సినిమాలను మరోచోట చూసుకోవచ్చు. 1980, 90 దశకాల్లో తీయించుకున్న పెళ్లిళ్లకు, ఉపనయనాలకు, గృహప్రవేశాలకు రెండో ప్రతి ఉండదు. వధూవరుల ముఖాల చుట్టూ గులాబీలు, హృదయాకారాలు తిప్పిన ఆనాటి వీడియోగ్రాఫర్ల అభిరుచికి ఇవాళ నవ్వుకుంటే నవ్వుకోవచ్చు గాని, ఆ తర్వాత భోజనాల బంతిలో కొసరి కొసరి వడ్డిస్తూ కనిపించే పెద్దల్లో కొందరి నడక, మాట వేరే ఏ ఫొటోలోనూ మిగల్లేదు.

ఈ క్యాసెట్లకు మన ఊరి గాలి బొత్తిగా పడదు. ఈ క్యాసెట్లలో ఉండే, అర అంగుళం వెడల్పు గల వీహెచ్ఎస్ రకం టేపులో పాలియెస్టర్ పొర మీద ఇనుప ఆక్సైడు రేణువులను ఒక జిగురు పట్టి ఉంచుతుంది. ఆ జిగురు గాలిలోని తేమను పీల్చుకుని ఏళ్లు గడిచేకొద్దీ మెత్తబడుతుంది, టేపు చుట్ట అంచున ముగ్గుపిండి రాలినట్టు తెల్లని బూజు పడుతుంది. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపానులో తడిసిన సామానులోని క్యాసెట్ల సంగతి చెప్పనక్కరలేదు. బూజు పట్టిన క్యాసెట్‌ను ఆత్రంగా డెక్కులో పెట్టి చూడవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. మన దేశపు టీవీలకు సరిపోయే పాల్ (PAL) పద్ధతి వీసీఆరులో, టేపు మీది బొమ్మను చదివే హెడ్లు అమర్చిన 62 మిల్లీమీటర్ల వ్యాసం గల డ్రమ్ము, టేపును ఒరుసుకుంటూ నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. బూజు ఆ హెడ్లకు అంటుకుంటే బొమ్మ పోవడమే కాక, తర్వాత పెట్టిన మంచి క్యాసెట్లకూ ఆ తెగులు పాకుతుంది. ముందు టేపును శుభ్రం చేయించాలి.

కాంబో ఉంది కదా, అందులోనే క్యాసెట్ నుంచి డిస్కులోకి కాపీ చేసుకోవచ్చని చాలామంది అనుకుంటారు. మన ఇళ్లలో ఉన్నవాటిలో ఎక్కువ భాగం డీవీడీని ఆడించేవే తప్ప రాసేవి కావు, రాయగలిగే రికార్డరు కాంబోలు వేరే ఉండేవి. అయినా ఇబ్బంది లేదు. వెనుకనున్న పసుపు, తెలుపు, ఎరుపు సాకెట్ల నుంచి తీగలు తీసి, ఆ బొమ్మను, ధ్వనిని కంప్యూటరు ఫైలుగా మార్చే, చవకగా దొరికే ఒక క్యాప్చర్ పరికరం ద్వారా కంప్యూటరుకు కలిపితే సరిపోతుంది. కొత్త టీవీలకు కలిపే హెచ్‌డీఎంఐ సాకెట్ ఉన్న కాంబోల్లోనూ కొన్నిటిలో అది డీవీడీకి మాత్రమే పనిచేస్తుంది కనుక, క్యాసెట్ బొమ్మ రాలేదని యంత్రాన్ని తప్పుపట్టకూడదు. మూడు గంటల క్యాసెట్ కాపీ కావడానికి మూడు గంటలూ పడుతుంది, దానికి అడ్డదారి లేదు.

రెండు యంత్రాలకూ పవర్ సప్లై సాధారణంగా ఒక్కటే కావడం కాంబోలో ఉన్న పెద్ద లోపం. అందులో కెపాసిటర్లు అనే విద్యుత్ భాగాలు ఎండిపోతే రెండూ ఒకేసారి మూగబోతాయి. రబ్బరు బెల్టులు, టేపును నొక్కి ముందుకు నడిపే రబ్బరు చక్రం (పించ్ రోలరు) గట్టిపడితే టేపు నలిగిపోతుంది. వీటిని బాగుచేయగల మెకానిక్కులు నగరంలో క్రమంగా తగ్గిపోతున్నారు, ఉన్నవారు కూడా పెద్ద వయసువారే.

కనుక ఎవరి ఇంట్లో వారు తంటాలు పడే బదులు, ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో గాని, ఆంధ్ర విశ్వవిద్యాలయం వారి డాక్టర్ వి.ఎస్.కృష్ణా గ్రంథాలయంలో గాని ఒక గదిలో మంచి స్థితిలో ఉన్న వీసీఆరు, ఒక కంప్యూటరు, పని తెలిసిన ఒక మనిషిని ఏర్పాటు చేయాలని సంబంధిత పెద్దలను కోరుతున్నాను. నామమాత్రపు రుసుము పెట్టినా ఎవరూ కాదనరు. ప్రతిని ఉంచుకోవడానికి గ్రంథాలయం చోటు వెతుక్కోనక్కరలేదు. డీవీడీ నాణ్యతలో సుమారు రెండు గంటల దృశ్యం 4.7 జీబీలో ఇముడుతుంది కాబట్టి, ఎవరి 64 జీబీ పెన్‌డ్రైవు వారు తెచ్చుకుంటే ఇరవై గంటలకు పైగా పడుతుంది. ఇంటి విషయాలు బయటి కంట పడతాయన్న సంకోచం ఉన్నవారు కాపీ అవుతున్నంతసేపు దగ్గరే కూర్చోవచ్చు. ఊరి సభలు, నాటకాలు, హరికథలు రికార్డు చేసిన క్యాసెట్లు ఎవరైనా తెస్తే మాత్రం, యజమాని అనుమతితో ఒక ప్రతిని గ్రంథాలయమే భద్రపరచాలి.

అటువంటి గది తెరిస్తే మా ఇంట్లోని కాంబోను, హెడ్లు శుభ్రం చేసి, కొత్త బెల్టు వేసి ఉచితంగా ఇస్తాను. వారంలో రెండు పూటలు వచ్చి యంత్రం దగ్గర కూర్చోవడానికి కూడా సిద్ధమే.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం