చిట్టీ, పెట్టె పంపే ముందు ఒక మాట

విద్యానగర్, హైదరాబాద్
ఆదివారం సాయంత్రం

చిట్టీ,

మొన్న ఫోన్లో నువ్వన్న మాటకు అప్పుడే జవాబు చెప్పేవాణ్ణి. కానీ నువ్వు ఆఫీసు క్యాబ్‌లో ఉన్నావు, చుట్టూ హారన్లు. పైగా ఇది రెండు ముక్కల్లో తేలే విషయం కాదు. "నాన్నా, రికార్డ్ ప్లేయర్ కొన్నాను, నీ ఎల్పీ రికార్డుల పెట్టె పంపించు, ఫోన్లో కంటే రికార్డులోనే సౌండ్ బాగుంటుంది కదా" అన్నావు. వాట్సాప్‌లో ఫొటో చూశాను. చిన్న సూట్‌కేసులా ముద్దుగానే ఉంది. కానీ నా రికార్డుల్ని మాత్రం దాని మీద పెట్టనివ్వను.

కారణం విని ఆ తర్వాత తిట్టుకో. అలాంటి చవక ప్లేయర్లలో ఎక్కువగా ఉండేది సిరామిక్ కార్ట్రిడ్జ్, అంటే ముల్లుని పట్టుకుని దాని కదలికని కరెంటుగా మార్చే ముక్క. దాని ముల్లు రికార్డు మీద ఐదు గ్రాముల దాకా బరువు మోపుతుంది. మంచి ప్లేయర్‌లో అది రెండు గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. మూడు గ్రాములకే ఇంత రాద్ధాంతమా అంటావు. ఆ బరువంతా ఆనేది వెంట్రుక మందం కూడా లేని మొన మీద. రికార్డు తిరిగినన్నిసార్లూ అది పాట కోసి ఉన్న గాడి గోడల్ని కాస్త కాస్త గీకుతుంది.

ఇక సౌండ్ సంగతి. గుజరాతీ గల్లీలో ముప్పై ఏళ్లు రిపేరు కొట్టు నడిపాను కదా, నా దగ్గరికి ఎక్కువగా వచ్చిన కంప్లయింట్ ఏంటో తెలుసా? "మచ్ఛర్ సరీకా ఆవాజ్ ఆరా భాయ్." దోమ జుయ్యిమన్నట్టు వస్తోందట. చూస్తే ప్లేయర్‌లో ఏ లోపమూ ఉండదు. యాంప్లిఫయర్ వెనక రికార్డుల కోసం ఫోనో అని రాసిన చోట గుచ్చాల్సిన తీగ, మిగతావాటి కోసం ఉండే ఆక్స్‌లో గుచ్చి ఉంటుంది. తీగ ఒక రంధ్రంలోంచి తీసి ఇంకో రంధ్రంలో పెట్టినందుకు డబ్బులు తీసుకోబుద్ధయ్యేది కాదు, ఒక చాయ్ తాగించుకుని పంపేవాణ్ణి.

ఆ దోమ ఎక్కడిదంటే, పాటలోని బేస్‌ని, అంటే లావు స్వరాల్ని, ఉన్నదున్నట్టు గాడిలో కోస్తే గాడి మెలికలు మరీ వెడల్పయిపోతాయి. వైపుకి రెండు పాటలు కూడా పట్టవు, ముల్లు నిలవదు. అందుకని కోసేటప్పుడే బేస్ తగ్గించి, సన్న స్వరాల్ని, అంటే ట్రెబుల్‌ని, పెంచుతారు. ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అన్నదానికి 1950ల మధ్య నుంచి అందరిదీ దాదాపు ఒకటే లెక్క. వినేటప్పుడు ఫోనో సర్క్యూట్ దాన్ని తిరగేస్తుంది. అంటే రికార్డులో పాట నేరుగా ఉండదు, ఒక లెక్క ప్రకారం వంచి ఉంటుంది. "రికార్డులో ఒరిజినల్ సౌండ్ ఉంటుంది" అనేవాళ్లు ఈ దోమని ఒకసారి వినాలి.

ఇంకొకటి. రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, మొదట్నుంచి చివరిదాకా అదే వేగం. కానీ బయటి అంచున చుట్టు పెద్దది, లేబుల్ దగ్గర చిన్నది. బయట ముల్లు కింద సెకనుకు 51 సెంటీమీటర్ల గాడి జారిపోతే, లోపలికి వచ్చేసరికి అది 21. అదే గొంతుని సగం చోటు కూడా లేని గాడిలో ఇరికించాలి. అందుకే ఒక్కో వైపు ఆఖరి పాటలో శ, ష, స బుసకొడతాయి. నువ్వు కొన్న కొత్త ఎల్పీలో మొదటి పాట, చివరి పాట పక్కపక్కన పెట్టి విను, తెలుస్తుంది.

వేగం అంటే గుర్తొచ్చింది. 1980ల్లో హిమాయత్‌నగర్ ఆయన ఒకరు, అల్లుడు అమెరికా నుంచి తెచ్చిన ప్లేయర్ పట్టుకొచ్చాడు. 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ కూడా తెచ్చుకున్నాడు, అంతా సరే. పెడితే సుశీల గారి గొంతు మగగొంతులా దిగిపోయింది! అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, అంటే సెకనుకు 60 సార్లు ఊగుతుంది, మనది 50. ఆ మోటారు కరెంటు లెక్క పట్టుకుని తిరిగే రకం. 33⅓ తిరగాల్సింది 28 కూడా తిరగలేదు. హార్మోనియం మీద మూడు మెట్లు కిందికి. లేతు మీద కొత్త పుల్లీ చేయించేదాకా పాపం ఆయన అల్లుణ్ణే తిట్టుకున్నాడు.

సీడీకి ఈ బాధలేవీ లేవు. 1982లో ఫిలిప్స్, సోనీ కలిసి తెచ్చిన ఆ సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతనీ 65,536 అంకెల్లో ఒకదానిగా రాస్తారు. మనిషి చెవికి వినపడేది మహా అయితే 20,000 హెర్ట్జ్ దాకా. నా చెవులకైతే ఇప్పుడు 10,000 దాటితే నిశ్శబ్దమే. వినపడేదానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలిస్తే చాలు, ఆ అల అలాగే తిరిగొస్తుంది. మెట్లు మెట్లుగా వస్తుందని నీ ఫ్రెండ్ అన్నాడు చూడు, అది తప్పు. బెంచీ మీద, అలని తెర మీద గీసి చూపించే ఆసిల్లోస్కోప్ పెట్టి నేనే చూశాను, నున్నటి అల వస్తుంది. అన్నిటికంటే చిన్న చప్పుడుకీ పెద్ద చప్పుడుకీ మధ్య ఎడం సీడీలో 96 డెసిబెల్స్. ఎల్పీ ఎంత మంచిదైనా 70 దగ్గర ఆగిపోతుంది.

ఇంత తెలిసీ నేను కూడా చాలాకాలం నీలాగే వాదించినవాణ్ణే. రేడియోలో పనిచేసి రిటైరైన నా ఫ్రెండ్ ఒకడు పోయినేడు ఇంటికొచ్చి పందెం వేశాడు. మన ఘంటసాల పద్యాల రికార్డుని సీడీ లెక్కలోనే, అదే 44,100తో, ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాడు. రెండూ ఒకేసారి మొదలుపెట్టి, వాల్యూమ్ సమానం చేశాడు. కొంచెం గట్టిగా మోగేదే చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది కాబట్టి అది ముఖ్యమట. నన్ను గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, స్విచ్ అమ్మ చేతికిచ్చారు. పదిసార్లు అడిగితే నాలుగుసార్లు కరెక్ట్‌గా చెప్పాను. కళ్లు మూసుకుని బొమ్మా బొరుసా అన్నా ఐదు వచ్చేవి. అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

ఆ రాత్రి పడుకుని ఆలోచించాను. నువ్వు "వార్మ్" అంటున్నదానికి నాకు దొరికిన తెలుగు మాట నిండు. రికార్డులో గొంతు నిండుగా ఉంటుంది. ఆ నిండుతనం మొత్తం ఆ ఫైల్లోకి వచ్చేసింది, చిటపటలతో సహా. అంటే డిజిటల్ దాన్ని తీసెయ్యడం లేదు, రికార్డే దాన్ని కలుపుతోంది. మన ఇంట్లో పప్పులో ఇంగువలాగా. ఇంగువ నాకిష్టమే. అది కందిపప్పు రుచి అంటేనే ఒప్పుకోను.

మరి నీ ఫోన్లో ఆ పాటే పేలవంగా ఎందుకుందంటావా? నువ్వు పోల్చింది ఒకే పాటని కాదు. 1990ల నుంచి సీడీలు చేసేవాళ్లకు ఒక పిచ్చి పట్టింది. మన పాట పక్కపాట కంటే గట్టిగా మోగాలని చిన్న చప్పుళ్లని పైకి లాగి, పెద్దవాటి నెత్తి నొక్కి, అంతా ఒకే ఎత్తుకు తెచ్చారు. పాత పాటల విషయంలో ఇంకో ఘోరం కూడా జరుగుతుంది. చిటపటలు తీస్తామని ఫిల్టర్ వేసి, వాటితోపాటు పల్లవికి ముందు పాడేవాళ్లు తీసుకునే ఊపిరిని కూడా కడిగేస్తారు కొందరు. అది చేతులు చేసిన పాపం, అంకెలది కాదు. దానికితోడు నువ్వు వినేది ఫైల్ చిన్నదవ్వాలని కుదించిన పాట, బ్లూటూత్‌లో దాన్ని మళ్లీ కుదిస్తావు. ఇక నువ్వు మురిసిపోతున్న కొత్త ఎల్పీ ఉందే, ఈ రోజుల్లో అలాంటివి చాలావరకు డిజిటల్ ఫైల్ నుంచే కోస్తారు.

ఐతే రికార్డులు వద్దంటున్నానా? లేదు. నా పెట్టెలో కొన్ని నాటక పద్యాలున్నాయి, ఎంత వెతికినా నాకు సీడీగా దొరకలేదు. వాటికి ఇవే దిక్కు. అందుకే నీ కోసం ఒక పని చేశాను. జుమ్మెరాత్ బజార్‌లో పాత బెల్ట్ ప్లేయర్ ఒకటి దొరికింది. అట్ట మీద ఎండలో పడి ఉంది, పక్కన కుట్టుమిషన్ తల, తాళాల గుత్తి. బెల్ట్ మార్చాను, కొత్త కార్ట్రిడ్జ్ వేశాను, చిన్న త్రాసు పెట్టి ముల్లు బరువు 1.8 గ్రాములకు సరిచేశాను. యాంప్లిఫయర్ కూడా అటక మీద నుంచి దింపాను. పాత పాటలు వినేటప్పుడు దాని మీద మోనో బటన్ నొక్కు. ముల్లు పైకీ కిందికీ ఎగిరితే వచ్చే చప్పుడు రెండు చానెళ్లలో ఎదురెదురుగా ఉంటుంది, కలిపితే కొట్టుకుపోతుంది. చిటపట సగం తగ్గినట్టుంటుంది.

అవి వచ్చేలోపు ఆ ఘంటసాల పద్యాల ఫైల్ మెయిల్ చేశాను, విను. రెండోవైపు మూడో పద్యంలో రాగం మధ్యలో ఒక గెంతు ఉంటుంది. నాలుగేళ్లప్పుడు ముల్లు ఉండే ఆర్మ్ పట్టుకుని లాగింది నువ్వే. చాలారోజులు ఆ పద్యాన్ని నువ్వు ఆ గెంతుతోనే పాడేదానివి. నా ఫ్రెండ్ దాన్ని సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తానన్నాడు. ముట్టుకోవద్దన్నాను.

రికార్డుల్ని నిలబెట్టే ఉంచు, ఒకదాని మీద ఒకటి పేర్చకు, కిటికీ పక్కన ఎండలో అసలు పెట్టకు, వంగిపోతాయి. పార్శిల్ బుధవారం వేస్తాను. అమ్మ అందులోనే గోంగూర పచ్చడి సీసా కూడా పెట్టమంటోంది. ఎల్పీల పక్కన నూనె సీసా పెట్టేది లేదని చెప్పాను. రెండు పార్శిళ్లు వస్తాయి.

నాన్న