నీ ఊహాదేశంలో విప్లవ పార్టీ

ఒరేయ్,

నువ్వు పంపిన కథ ఒక్క బిగిన చదివేశాను. దేశం పటం బాగుంది, రాజు పారిపోవడం బాగుంది, గని కార్మికుల సమ్మె అయితే అదిరిపోయింది. తీరా పార్టీ దగ్గరికొచ్చేసరికి నమ్మకం కుదరలేదు. తిట్టుకోకు. అందరూ ఒక్క మాట మీద ఉండే విప్లవ పార్టీని ఎక్కడైనా చూశావుట్రా?

రష్యా వాళ్ల సంగతే తీసుకో. 1903లో రష్యన్ సోషల్ డెమోక్రాటిక్ లేబర్ పార్టీ రెండో మహాసభ బ్రస్సెల్స్‌లో మొదలైంది. పోలీసులు వెంటపడితే మూటాముల్లె సర్దుకుని లండన్ చేరారు. అంత కష్టపడి కలిసినవాళ్లు దేని మీద కొట్టుకున్నారో తెలుసా? పార్టీ సభ్యుడంటే ఎవరు అన్న ఒక్క నిబంధన మీద! ఏదో ఒక పార్టీ సంఘంలో స్వయంగా పనిచేసేవాడే సభ్యుడని లెనిన్. సంఘం అజమాయిషీలో క్రమంగా సాయపడినా చాలని ఇంకో నాయకుడు మార్తోవ్. పైకి వెంట్రుకవాసి తేడా. ఓటింగ్‌లో మార్తోవే 28-22తో గెలిచాడు. ఆ తర్వాత బుండ్ (యూదు కార్మికుల సంఘం) ప్రతినిధులు, ఇంకో ఇద్దరు అలిగి వెళ్లిపోయేసరికి, పార్టీ పత్రిక సంపాదకవర్గం ఎన్నికలో లెనిన్‌దే పైచేయి అయింది. లెనిన్ వైపు బోల్షెవిక్కులు, మార్తోవ్ వైపు మెన్షెవిక్కులు అని చీలింది అక్కడే. నీ కథలోనూ సిద్ధాంతం మీద గొడవ పెట్టు, కానీ అడుగున పత్రిక ఎవరి చేతిలో ఉండాలన్న పట్టుదల కూడా ఉండనీ.

ఇంకోటి, డబ్బు. నీ పార్టీకి అచ్చు యంత్రం ఉంది, తుపాకులున్నాయి, ఫుల్‌టైమర్లున్నారు. వీళ్లకి తిండి ఎవరు పెడుతున్నారు? ఆ రష్యా పార్టీవాళ్లే 1907 మహాసభలో, డబ్బు కోసం దోపిడీలు వద్దని తీర్మానం చేశారు. కొద్ది వారాలకే తిఫ్లిస్ (ఇప్పటి జార్జియా రాజధాని ట్బిలిసి) నడిబొడ్డున బోల్షెవిక్కులు బాంబులేసి స్టేట్ బ్యాంకు సొమ్ము ఎత్తుకెళ్లారు. అందులో 500 రూబుళ్ల నోట్ల నంబర్లు పోలీసుల దగ్గరున్నాయి. వాటిని యూరప్ బ్యాంకుల్లో మార్చబోయి కొందరు దొరికిపోయారు. ఇలాంటి తలనొప్పి ఒకటి నీవాళ్లకీ తగిలించు.

నీ గూఢచారి మొదటి పేజీలోనే గోడచాటున నక్కుతున్నాడు, చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు. మలినోవ్‌స్కీ అలా కాదు. బోల్షెవిక్ కేంద్ర కమిటీ సభ్యుడు, 1912లో డ్యూమాకి, అంటే రష్యా పార్లమెంటుకి ఎన్నికయ్యాడు, లెనిన్‌కి బాగా నమ్మకస్తుడు. జీతం మాత్రం రహస్య పోలీసులు ఇచ్చేవారు! 1914లో అనుమానాలు గుప్పుమన్నా లెనిన్ అతన్నే వెనకేసుకొచ్చాడు. చివరికి అధికారంలోకొచ్చిన బోల్షెవిక్కులే 1918లో అతన్ని కాల్చి చంపారు.

అసలు కథ అధికారం వచ్చాకే కదా, నువ్వేమో అక్కడే ఆపేశావు. 1917లో విప్లవానికి కొండంత అండగా నిలిచిన క్రోన్‌స్టాట్‌ నౌకాస్థావరం నావికులే 1921 మార్చిలో, సోవియట్లకు (కార్మికులు, సైనికుల మండళ్లకు) మళ్లీ స్వేచ్ఛగా ఎన్నికలు పెట్టమని బోల్షెవిక్ ప్రభుత్వం మీద తిరగబడ్డారు. అప్పుడే పార్టీ పదో మహాసభ నడుస్తోంది. ప్రతినిధుల్లో కొందర్ని నావికుల మీదికి యుద్ధానికి పంపారు. అదే సభలో పార్టీలో ముఠాలు కట్టకూడదని తీర్మానించారు. అందరూ ఇలాగే చేస్తారని కాదు. నికరాగ్వాలో శాండినిస్టాలనే విప్లవకారులు 1979లో తుపాకీ పట్టి గద్దెనెక్కారు, 1990 ఎన్నికల్లో ఓడి దిగిపోయారు. నీవాళ్లు ఎటు పోతారో నువ్వే తేల్చు. పటంలో ఓడరేవు నగరం ఊరికే పడుంది, వాడుకో.

గనిలో ఆ ముసలాయన్ని మాత్రం చంపకురా, సభ్యత్వం నిబంధన మీద గొడవ ఆయన నోట బాగా పండుతుంది. తిరగరాసింది వెంటనే పంపు.

ఉంటా మరి,
నీ నేస్తం