ఆదివారం గళ్ళు

నాన్నగారికి, అమ్మకు నమస్కారాలు.

నేను క్షేమం. ఆఫీసు మామూలే, రాయడానికేమీ లేదు. నాన్నా, కంటికి కట్టు విప్పారని అన్నయ్య చెప్పాడు. చుక్కల మందు వేళకు వేసుకుంటున్నారా? అక్షరాలు ఇంత పెద్దగా రాసినది మీ కోసమే. అయినా మీరు చదవకండి, అమ్మ చేత చదివించుకోండి.

ఆదివారం ఒక్కదాన్నే గదిలో ఏం చేస్తున్నావని అమ్మ ఎప్పుడు ఫోను చేసినా అడుగుతోంది. గళ్ళు నింపుతున్నానమ్మా. దిగులుగా కూర్చుంటున్నానని నువ్వే అనుకుంటున్నావు.

ఇక్కడ బ్రిటన్‌లో ఆదివారం వచ్చే పత్రిక అబ్జర్వర్‌లో ఎవ్రీమన్ పేరుతో గళ్ళ నుడికట్టు వస్తుంది. కిటుకు మీరు నేర్పినదే నాన్నా. "తల తిరిగితే తీగ, రెండక్షరాలు" అని నన్ను ఎంత ఏడిపించారు! తీగ అనేది అర్థం, తలను తిప్పి రాస్తే లత. ఇక్కడా అంతే, ఆధారానికి ఒక కొసన అర్థం, రెండో కొసన అక్షరాల గారడీ. ఏ కొస ఏదో చెప్పరు. "ఫ్లవర్" అని కనబడితే మనసు పూల వెంట పరుగెడుతుంది. తీరా చూస్తే "ఫ్లో" అయ్యేది, అంటే పారేది. జవాబు థేమ్స్ నది!

మీకు నచ్చే సంగతి ఒకటి చెప్పాలి. ఇదే పత్రికలో 1926లో ఇలాంటి గళ్ళు కట్టడం మొదలుపెట్టినాయన టార్కెమాడా అని మారుపేరు పెట్టుకున్నాడు. స్పెయిన్‌లో మతవిచారణ పేరిట జనాన్ని హింసించిన అధికారి పేరది. ఆయన తర్వాత వచ్చిన జిమెనీజ్‌దీ అలాంటి అధికారి పేరే. 1972లో మొదలుపెట్టిన ఏజెడ్ ఇంకో మెట్టు ఎక్కాడు. డెజా అనే మరో విచారణాధికారి పేరును ఇంగ్లీషు అక్షరాల్లో తిరగేసుకున్నాడు. పేరే ఒక ఆధారం!

పేర్లు భయపెట్టేవే గాని మనుషులు న్యాయమైనవాళ్ళు. సరైన అర్థం, జవాబుకు చేర్చే అక్షరాల దారి, అంతకుమించి ఒక్క మాట కూడా ఉండకూడదని జిమెనీజ్ పట్టుబట్టాడు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. మనల్ని పక్కదారి పట్టిస్తూనే అసలు దారి తెరిచి ఉంచుతారు. ఆదివారం తెగనిది వారమంతా నా వెంటే ఉంటుంది. బుధవారమో గురువారమో బస్సులో నిలబడి ఉండగా, దాని గురించి ఆలోచించనే లేదనుకుంటున్నప్పుడు, చటుక్కున విడిపోతుంది. పక్కనున్నవాళ్ళకు చెప్పేయాలనిపిస్తుంది. ముఖం తెలియని మనిషెవరో నేను గెలవాలనే ఇంత శ్రమపడ్డాడు కదా అనిపిస్తుంది. అలాంటి తోడున్నదాన్ని ఒంటరిదానివంటే ఎలాగమ్మా?

అన్నయ్య అడిగిన డబ్బు పంపాను, అందగానే చెప్పమను. పిన్ని మోకాలి నొప్పి ఎలా ఉంది?

నాన్నా, డాక్టరు సరేననేదాకా పత్రిక ముట్టుకోవద్దు. మీరు పేజీ వైపు ఎలా చూస్తూ ఉంటారో నాకు తెలుసు. ఆదివారం ఉదయం నేనే ఫోను చేసి ఆధారాలు చదువుతాను, మీరు కళ్ళు మూసుకుని జవాబులు చెప్పండి. గడులు అమ్మ నింపుతుంది. అప్పటిదాకా నేను కట్టినదొకటి: "బడి పిల్లవాడి చేతిలో తిరగబడ్డ కలప, మూడక్షరాలు." ఎంత తేలికో అనకండి, ఇది అమ్మకు. మీకు గట్టివి ఆదివారం ఇస్తాను.

మీ చిన్నమ్మాయి